నేల తాకడం చూశారా?

ఆవిడకి అబద్ధం చేతకాదు. మంచితనం వల్ల అనుకునేరు, కాదు, ముక్కు వల్ల. చిన్నప్పటి నుంచీ నోట్లోంచి అబద్ధం బయటికి వస్తోందంటే చాలు, చెయ్యి దానంతటదే లేచి ముక్కు గోకుతుంది. చక్కెర డబ్బా ఖాళీ అయిన రోజున "నేను కాదమ్మా" అని ఆవిడ అనడం, తమ్ముడు తల్లి వెనక నిలబడి "అమ్మా, అక్క ముక్కు చూడు" అని పట్టించడం, వీపు విమానం మోత మోగడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయేవి. అలా కొన్నాళ్ళు మోగాక, ఎందుకొచ్చిన గొడవ అనుకుని నిజమే చెప్పడం మొదలుపెట్టింది. నిజం చెప్పే అలవాటు అంతటితో ఊరుకుంటుందా? ఎదుటివాళ్ళ చేత కూడా చెప్పించాలనే దురద పుడుతుంది. ఆ దురదతోనే పెరిగి పెద్దదై, బళ్ళో రేఖాగణితం చెప్పే టీచరమ్మ అయింది.

యుద్ధం రాకపోతే "ముందు నిరూపించు, తర్వాత మాట్లాడు" అంటూ పిల్లల ప్రాణాలు తోడుకుంటూ ఆ బళ్ళోనే బతుకు వెళ్ళిపోయేది. శత్రువు సరిహద్దు దాటి లోపలికి వచ్చాడు. బళ్ళు మూసేశారు. ఆవిడ పాఠం చెప్పిన పై అంతస్తు గదిలోనే వైమానిక దళం వాళ్ళు ఒక పరిశోధన విభాగం పెట్టి, దాన్ని నడపమని కాలేజీలో గణాంకాలు చెప్పే ఒక లెక్చరర్‌ని కూర్చోబెట్టారు. లెక్చరర్ ఆవిడని చూసి, "మీకు ఈ గదిలో ఏది ఎక్కడుందో తెలుసు కదా, ఉండిపోండి" అన్నాడు. ఉండిపోయింది. నల్లబల్ల మీద ఆవిడ గీసిన త్రిభుజం అలాగే ఉండగా, దాని మీదే దేశపటం మేకులు కొట్టి తగిలించారు. బల్లలు మాత్రం పిల్లలవే. పెద్దవాళ్ళంతా మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని యుద్ధం సంగతులు తేల్చేవాళ్ళు.

తేల్చవలసింది ఒకటే: శత్రువు విమానాలు నిజంగా ఎన్ని పడ్డాయి? చెప్పడానికి సులువుగానే ఉంది. ఒక విమానాన్ని అటునుంచి ఒక పైలట్, ఇటునుంచి ఒక పైలట్ కొడతారు. ఇద్దరూ దిగొచ్చి "నేనే కూల్చాను" అంటారు. ఇద్దరివీ అబద్ధాలు కావు. కింద ఫిరంగి దగ్గరున్న వాళ్ళు "మాదే దెబ్బ" అంటారు. ఒకటి మూడవుతుంది. సాయంత్రం రేడియోకి వెళ్ళేసరికి ఇంకెంతవుతుందో దేవుడికే తెలియాలి. "రేడియో లెక్క ప్రకారం వాళ్ళ విమానాలు పోయిన వారమే అయిపోయాయమ్మా. ఇవాళ పొద్దున్న వచ్చినవి కొంగలేమో" అనేవాడు లెక్చరర్. నవ్వించడానికే అనేవాడు గానీ తను మాత్రం నవ్వేవాడు కాదు. దండయాత్ర మొదట్లో ఆ రేడియో లెక్కే నమ్మి, ఆకాశం ఖాళీ అయిందని పట్టపగలు రైలు నడిపారు. ఆకాశం ఖాళీ కాలేదు. ఆ రైల్లో ఆయన అన్నగారున్నారు.

అందుకని పైలట్లు దిగగానే అడగడానికి కొన్ని ప్రశ్నలు తయారు చెయ్యమన్నాడాయన. ఎంత ఎత్తులో, ఏ వైపు నుంచి, రెక్కలు ఎలా ఉన్నాయి, ఇలాంటివే అన్నీ. ఆఖరి ప్రశ్న మాత్రం ఆవిడ సొంతం: "నేల తాకడం చూశారా?" చూశానంటే లెక్కలోకి. చూడలేదంటే అనుమానంలోకి. అనుమానంలోకి వెళ్ళింది బయటికి రావడం కుక్క తోక వంకర తీసినంత కష్టం. పైలట్లు ఆవిడకి 'సందేహాలమ్మ' అని పేరు పెట్టేశారు. మొహం మీదే అనేవాళ్ళు. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. పైగా లోపల్లోపల కాస్త మురిసిపోయేది కూడా.

వాళ్ళలో పొడుగాయన అని ఒకడుండేవాడు. విమానంలో కూర్చోవాలంటే గొడుగు మడిచినట్టు మడుచుకోవాల్సిందే. ఒకసారి ఆవిడ అలవాటుగా "నేల తాకడం చూశారా?" అని అడిగితే, "నేను చూళ్ళేదండీ. నేల చూసే ఉంటుంది, దాన్నడగండి" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆవిడ నవ్వకుండా దాన్ని అనుమానంలో వేసింది.

ఆ పొడుగాయన పక్కనే ఎగిరేవాడు ఆవిడ తమ్ముడు. అదీ అసలు చిక్కు.

ఇంట్లో తల్లికి కొడుకు కూల్చిన విమానాలే ఊపిరి. రేషన్ క్యూలో నోట్లో నువ్వుగింజ నానదు. "మావాడు ఏడు కూల్చాడు" అని ముందున్నావిడకి చెబుతుంటే, వెనకనుంచి కూతురు "నాలుగమ్మా" అంది.

"నాలుగేమిటే? వాడు స్వయంగా చెప్పాడు నాకు."

"నాలుగే నేలమీద పడ్డాయి. మిగతా మూడూ ఎక్కడున్నాయో వాటినెక్కిన వాళ్ళ అమ్మల్నడగాలి."

క్యూలో అందరూ నవ్వారు. తల్లి నవ్వలేదు. ఇంటికొచ్చాక గిన్నెలతో మాట్లాడింది గానీ కూతురితో మాట్లాడలేదు.

తమ్ముడు పూట సెలవు మీద భోజనానికి వచ్చినప్పుడు ఆ పంచాయితీ మళ్ళీ లేచింది.

"మొన్నటిది ఏం చేశావక్కా?" అన్నాడు కంచం ముందు కూర్చోగానే.

"అనుమానం."

"పొగ కక్కుకుంటూ పోయింది! ఈ కళ్ళతో చూశా!"

"ఇంజను పూర్తిగా తెరిచి పారిపోయేటప్పుడు కూడా నల్లపొగ వస్తుందని నువ్వే చెప్పావుగా?"

"నిప్పు లేనిదే పొగ రాదంటారు."

"సామెతలకి విమానాలు పడవురా."

"తోడబుట్టినదానివేనా నువ్వు?" అంది తల్లి. "శత్రువు కూడా వీడికి కనీసం అయిదు ఇస్తాడు."

తమ్ముడు పడీపడీ నవ్వాడు. నవ్వి, "సరే, ఈసారి నేల తాకేదాకా దాని వెనకాలే దిగి, చూసే వస్తా. అప్పుడైనా ఒప్పుకుంటావా?" అన్నాడు.

"అలా రా దారికి" అంది ఆవిడ. ఆ మాట అనేటప్పుడు ఎంత గర్వమో! పిల్లాడు ఇన్నాళ్ళకి లెక్క సరిగ్గా చేశాడన్నంత సంతోషం. ఆ తర్వాత ఆవిడ ఆ మాటని నాలుక మీద నుంచి గీకెయ్యాలని ఎంత ప్రయత్నించినా పోలేదు.

కొద్ది రోజులకే పొడుగాయన తిరిగి రాలేదు.

ఎవరైనా తిరిగి రాకపోతే, ఎక్కడ పడ్డారో వెళ్ళి చూడటం కూడా ఆ విభాగం పనే. ఆవిడ బస్సెక్కి వెళ్ళింది. ఊరవతల కాలవ గట్టు మీద ఆసుపత్రి దుప్పట్లు ఆరేస్తున్న ఒకావిడ కనిపించింది. చూశారా అని అడిగితే తడి దుప్పటి భుజం మీద వేసుకునే చెప్పుకొచ్చింది.

"ముందు వాళ్ళది పడిందమ్మా, అదుగో ఆ తోట వెనకాల. మనది పైనే ఉంది. హమ్మయ్య అనుకున్నా. అంతలో అది కిందకి దిగింది. దిగి ఆ తోట చుట్టూ తిరుగుతోంది. జేబులోంచి ఏదో జారిపోతే వెతుక్కుంటారే, అలా. నేను చెయ్యి కూడా ఊపాను తల్లీ. ఈలోగా పైనుంచి వాళ్ళదే ఇంకోటి వచ్చేస్తోంది. నాకు కనిపిస్తోంది! అరిచాను. అరిస్తే వినపడుతుందా? ఆ బాబు కిందకే చూస్తున్నాడు. ఒక్కసారి తల పైకెత్తితే చాలు, ఎత్తలేదు." దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకుంది. "ఎందుకమ్మా అలా కిందకి దిగి చూడటం? పడింది పడింది కదా!"

ఎందుకో ఆవిడకి తెలుసు. "వస్తానండీ" అని కూడా అనకుండా గట్టు దిగి వచ్చేసింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా కూర్చోలేకపోయింది. దిగాల్సిన చోటు దాటిపోయాక ఎక్కడో దిగి, వెనక్కి నడిచింది.

గదికి వచ్చి పటం ముందు నిలబడింది. వాళ్ళ విమానం పడిన చోట ఎర్ర గుండుసూది, మనది పడిన చోట నీలం గుండుసూది. అన్నీ ఆవిడ చేత్తో గుచ్చినవే. ఎర్రదాని పక్కనే నీలం. ఇంకో ఎర్రది, దాని పక్కన నీలం. ఇదివరకు ఇది చూసి "పోరు హోరాహోరీగా ఉంది" అనుకునేవాళ్ళు. గాలిలో అంత ఎత్తున, అంత వేగంతో కొట్టుకున్న వాళ్ళు తోడుగా ఒకే చేనులో ఎలా పడతారని ఎవరూ అడగలేదు. అన్నిటికీ సందేహాలున్న సందేహాలమ్మ కూడా అడగలేదు!

ఆ తర్వాత కాలు కాలిన పిల్లే అనుకోండి. నీలం సూది ఉన్న చోటికల్లా వెళ్ళింది. ఇటుక బట్టీలో ఒకాయన, పడవ నడిపే ఒకాయన, బస్సు ఆపి చూసిన డ్రైవరు. ఎవరి మాట ఎలా ఉన్నా చివరికి అక్కడికే వచ్చేది: కొట్టాక కిందకి దిగి చూశాడమ్మా. ఇంటికి వస్తే పొయ్యి మీద టీ మరుగుతున్న చప్పుడు కూడా ఇంజను మోతలాగే వినిపించేది. "ఒక్క చోట కుదురుగా కూర్చోవేమే, చెప్పుల్లో జెర్రి దూరినట్టు!" అని తల్లి కసిరింది.

లెక్చరర్‌తో చెప్పేసింది. "ఆ ప్రశ్న తీసెయ్యాలి సార్. అది నేను అడుగుతున్నానని వాళ్ళు దిగుతున్నారు. దిగి చస్తున్నారు."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "తీసేస్తే మళ్ళీ మొదటికొస్తుందమ్మా. ఒకటి మూడవుతుంది. మళ్ళీ ఎవడో ఆకాశం ఖాళీ అంటాడు. మళ్ళీ రైలు నడుపుతారు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎటు తిరిగినా చావేనా, చెప్పండి?"

"పైలట్‌ని అడగొద్దు. నేలనడుగుదాం."

"ఏమిటీ?"

"పొడుగాయన అన్నాడుగా, నేల చూసే ఉంటుందని. బట్టలు ఆరేసేవాళ్ళు, పొలంలో ఉండేవాళ్ళు, రోడ్డు మీద పోయేవాళ్ళు. వాళ్ళంతా చూస్తూనే ఉన్నారు. మనం వెళ్ళి అడగలేదు. కూర్చున్న చోటికి సాక్ష్యం తెప్పించుకున్నాం."

ఆయన ఒప్పుకున్నాడు. కానీ అది ఉత్తర్వుగా పైనుంచి రావాలి, అన్ని స్థావరాలకీ వెళ్ళాలి. దానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆయనకీ తెలియదు. యుద్ధం కాగితాల కోసం ఆగుతుందా? తమ్ముడు రోజూ ఎగురుతున్నాడు. రోజూ వెనక పడటానికి ఒకటి దొరకవచ్చు.

స్థావరానికి ఫోను చేసింది. అవతలి గుమాస్తా, "సొంత పనా, దళం పనా?" అన్నాడు. దళం పని అంటే చాలు, కలుపుతాడు. ఆవిడకి ఆ చిన్న అబద్ధం కూడా రాలేదు. "రెండూ" అంది. ఆయన నవ్వి, "సందేహాలమ్మగారా? ఉండండి" అని కలిపాడు.

"ఏంటక్కా, మళ్ళీ దేన్ని కొట్టేశావు నా లెక్కలోంచి?"

"ఒరేయ్, ఇకనుంచి నేల తాకిందో లేదో చూడకు. కొట్టు, పైకి చూసుకుంటూ ఇంటికొచ్చెయ్. దిగకు."

"పొడుగాయన సంగతి తెలిసిందా నీకు?"

"నీకు ముందే తెలుసా?"

"నేనూ గాలిలోనే ఉన్నాగా, కాస్త దూరంగా. ఆఖరిసారి రేడియోలో ఏమన్నాడో తెలుసా? 'ఉండండ్రా, సందేహాలమ్మకి సాక్ష్యం తెస్తా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడక్కా. నీకు చెప్పకూడదనుకున్నా."

ఏడుపు మింగేసింది. ఇప్పుడు ఏడిస్తే చెప్పాల్సింది చెప్పలేకపోతుంది.

"నువ్వు చూడకపోయినా నేను నమ్ముతా" అంది.

"నిజంగా? ముక్కు గోక్కుంటున్నావా?"

"లేదురా. చెయ్యి బల్ల మీదుంది."

"నమ్మడం కాదక్కా నాకు కావాల్సింది" అన్నాడు. వాడి గొంతులో ఆటలు పోయాయి. "నేను వదిలేసింది మర్నాడు మళ్ళీ వచ్చి ఏ బడి మీదో పడితే? అది లోపల పీకుతుంది. నువ్వు కనుక్కుని పడిందని చెప్పు, దిగను. పడలేదంటే మాత్రం, చెబుతున్నా, ఇంకోసారి ఏదీ సగంలో వదలను. నేల దాకా వెళ్తా."

"నువ్వు దిగకు. నేను కనుక్కుంటా" అంది. అంతకంటే ఏమనగలదు?

అలాంటి రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం సైరను కూసింది. ఆకాశంలో ఎక్కడో మోత, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అందరూ కింది అంతస్తుకి దిగినా ఆవిడ దిగలేదు. పటం ముందు నుంచి కిటికీకి, కిటికీ నుంచి ఫోనుకి తిరుగుతూనే ఉంది. డబ్బాలో నీలం గుండుసూదులు కనిపిస్తే డబ్బా మూత పెట్టి బల్ల కిందకి తోసేసింది. చదువుకున్న మనిషి చేసే పనేనా అది? అయినా చేసింది.

ఫోను మోగింది.

"వచ్చేశానక్కా." ఇంకా రొప్పుతున్నాడు. "తగిలింది. పొగ. రాళ్ళ క్వారీ వైపు దిగిపోయింది. దిగుదామనే అనిపించింది. నువ్వు చెప్పావని తిరిగి వచ్చేశా. పడిందా?"

"కనుక్కుని రేపు చెబుతా" అని ఫోను పెట్టేసి, పిల్లల బల్ల మీద తలపెట్టుకుని బావురుమంది. వాడు బతికున్నాడు. ఇంకేం కావాలి?

ఇంకొకటి కావాలి. అదే కదా ఖర్మ!

మర్నాడు పొద్దున్నే దళం లారీలో క్వారీకి వెళ్ళింది. దారి పొడుగునా, "పడి ఉండాలి, పడి ఉండాలి" అనుకుంటూనే ఉంది. ఒక రెక్క ముక్కైనా చాలు. క్వారీ మేస్త్రీ రాతిపొడి మొహంతో ఎదురొచ్చాడు.

"చూశామమ్మా, మా తలల మీదుగానే పోయింది. అందరం రాళ్ళ వెనకాల బోర్లా పడ్డాం."

"పడిందా?"

"ఎక్కడ పడిందీ! ఆ గుట్ట దాటేదాకా పొగ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఊగుతూ ఊగుతూ పైకి లేచి, మళ్ళీ తిన్నగా పోయింది సరిహద్దు వైపు."

"గుట్ట అవతల పడి ఉండొచ్చేమో?"

"మావాళ్ళు అవతల కూడా పనిచేస్తున్నారమ్మా. చాలాదూరం చూశారు."

ఇంకో నలుగురిని అడిగింది. మాటలు మారితే బాగుండునని అంతగా కోరుకోవడం ఆవిడకి అదే మొదటిసారి. మాటలు మారలేదు. గదికి వచ్చి లెక్కలో 'పడలేదు' అని వేసింది. అక్కడ అబద్ధం వేస్తే ఇంకో రైలు నడుస్తుంది. లెక్చరర్ చూశాడు. తన కుర్చీ ఆవిడ వైపు జరిపాడు. ఆ గదిలో పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ అదొక్కటే.

సాయంత్రం ఫోను మోగింది. రెండుసార్లు మోగనిచ్చి తీసింది.

"పడిందా అక్కా?"

అవతల వాడి వెనకాల ఇంజన్లు సరిచూస్తున్న మోత వినిపిస్తోంది. రేపటికి సిద్ధం చేస్తున్నారు.

"పడింది" అంది.

"ఎక్కడ?"

"క్వారీ వెనకాల. గుట్ట అవతల."

"నేల తాకడం చూశారా ఎవరైనా?"

తన ప్రశ్న తనకే. వాడు వెక్కిరించడానికి అడగలేదు, నిజంగానే అడిగాడు.

"చూశారు. మేస్త్రీ చూశాడు" అంది.

తమ్ముడు మెల్లిగా అన్నాడు:

"ముక్కు మీంచి చెయ్యి తియ్యక్కా."

చెయ్యి నిజంగా అక్కడే ఉంది. తీసింది. కళ్ళు తుడుచుకుని ముక్కు ఎగపీల్చింది. వాడే మాట్లాడాడు.

"సరేలే, ఏడవకు. దిగను. రేపు కూడా దిగను."